నీళ్ళు కనిపిస్తాయి, అందవు

కొండలు, కోనలు, కోటలు తిరిగే పాఠకుల ప్రశ్నలకు కడపకు చెందిన మా భూగర్భశాస్త్రం మేడమ్ జవాబులు

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు ఇరవై ఏడేళ్ళు. అనంతపురంలో బ్యాంకులో పనిచేస్తాను. స్నేహితులతో గండికోటకు పోయాను కానీ పొద్దున పోయి ఫోటోలు దిగి సాయంత్రానికి తిరిగొచ్చేశాం. ఈసారి డిసెంబరులో ఒక్కదాన్నే పోయి, రెండు రాత్రులు టెంటులో ఉండి, పెన్నా గండి అంచు వెంబడి తీరిగ్గా నడవాలని ఉంది. వీలైతే నీళ్ళ దాకా దిగాలని కూడా ఉంది. మా అమ్మ దయ్యాలుంటాయి, చిరుతలుంటాయి అంటుంది. నాన్న ఏమీ అనడు గానీ అన్నం తినేటప్పుడు నాతో మాట్లాడ్డం మానేశాడు. నిజంగా దేనికి భయపడాలి? ఎలా ప్లాన్ చేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: దయ్యాల సంగతి నాకొదిలెయ్ అమ్మా. ఆ కోటలో చీకట్లో కూడా తిరిగినదాన్ని. నన్ను పలకరించినవి గబ్బిలాలూ ఊరకుక్కలే. ఇక చిరుతలు, ఎలుగుబంట్లు. మన సీమ కొండల్లో అవి ఉన్నమాట నిజమే గానీ, మనుషుల అలికిడి, వెలుతురు ఉన్నచోటికి కోరి రావు. చీకటి పడ్డాక పొదల్లోకి పోకు, తిండి మిగిలితే టెంటు బయట పడేయకు. అమ్మకు ఈ మాట చెప్పు, కొంచెం నెమ్మదిస్తుంది.

నువ్వు భయపడాల్సింది అంచుకూ, దాహానికీ. ముందు దాహం సంగతి చెబుతాను, ఎందుకంటే దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గండికోట అంచున కూర్చుంటే దాదాపు మూడొందల అడుగుల కింద పెన్న కనిపిస్తూనే ఉంటుంది. కొత్తగా వచ్చేవాళ్ళు నీళ్ళు తక్కువ తెచ్చుకోడానికి అదే కారణం. ఎదురుగా అంత నీళ్ళుంటే దాహం వేస్తుందన్న ఆలోచనే రాదు. ఆ నీళ్ళు మాత్రం అందవు. కాబట్టి నీ ప్లాన్ మొత్తం నీళ్ళ క్యాను చుట్టూ తిరగాలి. మనిషికి రోజుకు నాలుగైదు లీటర్లు, డిసెంబరైనా సరే. ఆ బండల మీద మధ్యాహ్నం ఎండ డిసెంబరు అని చూడదు. రెండు రాత్రులకు పది లీటర్లు దాటుతుంది, అంటే వీపు మీద పది కిలోలు. అదంతా మోస్తూ అంచు వెంట నడవకూడదు. కోట లోపలే ఊరుంది, అంగళ్ళున్నాయి, టూరిజం వాళ్ళ హరిత హోటల్ కూడా దగ్గర్లోనే ఉంది. వాటిలో ఎక్కడో ఒకచోట మనిషితో మాట్లాడుకుని క్యాను పెట్టుకో. వీపు మీద మూడు లీటర్లు చాలు. అందులో సగం అయిపోగానే ఎంత బాగున్నా వెనక్కి తిరుగు.

ఇక అంచు. ఆ రాయి గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతాను, పాతికేళ్ళకు పైగా పిల్లలకు చెప్పిన పాఠం కదా, నోరు ఊరుకోదు. భూగర్భశాస్త్రంలో దాని పేరే గండికోట క్వార్ట్‌జైటు. కడప రాళ్ళ వరుసలో కింద పులివెందుల క్వార్ట్‌జైటు, దానిపైన తాడిపత్రి పొరలు, ఆ పైన ఇది. మన బస్సు బోర్డుల మీది పేర్లే! నేల మీద చెట్టూ చేమా పుట్టని కాలంలో నీటి అడుగున పేరుకున్న ఇసుక అది, గట్టిపడి బండ అయింది. వంగి చూస్తే కొన్ని బండల మీద ఆనాటి అలల గీతలు ఇంకా కనిపిస్తాయి. వేలు పెట్టి తడిమి చూడు.

ఈ రాయికి ఒక గుణముంది. నిలువునా, అడ్డంగా పగుళ్ళు బారుతుంది. అంచు దగ్గరికి వచ్చేసరికి ఆ పగుళ్ళ వెంబడి ఒక్కో దిమ్మ విడిపడి, తన బరువు మీద తాను నిలబడి ఉంటుంది. పైనుంచి చూస్తే గచ్చు వేసినట్టు చదునుగా, భద్రంగా కనిపిస్తుంది. కాలు పెడితే 'టక్' మని చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వచ్చిందంటే బండ ఊగిందని అర్థం. అక్కడ రెండో కాలు పెట్టొద్దు. నేను పిల్లల్ని తీసుకుపోయినప్పుడు అంచుకు పది అడుగుల ఇవతల అందరినీ కూర్చోబెట్టి, అక్కడినుంచి పిరుదుల మీద జరగమనేదాన్ని. నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ. తెల్లవారుజామున మంచు పడి బండలు జారుతుంటాయి. సూర్యోదయం ఫోటో కోసం పరుగెత్తే వేళ కూడా అదే. డిసెంబరులో ఆరున్నర దాకా సూర్యుడు రాడు, కాబట్టి తొందరేం లేదు.

టెంటు అంచుకు కనీసం యాభై అడుగుల ఇవతల. దీనికి కారణం గాలి కాదు, రాత్రి రెండింటికి నువ్వు నిద్రమత్తులో ఒంటికి లేస్తావు. అప్పుడు నడిచే దిక్కు ఎటు ఉంటుందో పగలే చూసుకో. జిప్పు గండి వైపు కాకుండా దానికి అవతలి దిక్కున తెరుచుకునేలా టెంటు తిప్పి వేసుకో. అంచు వైపు నాలుగు రాళ్ళు వరసగా పేర్చి, వాటి మీద తెల్ల చున్నీ పరిచి, పైన ఇంకో నాలుగు రాళ్ళు పెట్టు. టార్చి పడగానే తెల్లగా కనిపించి ఆపుతుంది. ఇంకో సంగతి, టెంటుతో పాటు ఇచ్చే ఇనుప మేకులు ఆ బండలోకి దిగవు. తాళ్ళను పెద్ద రాళ్ళకు చుట్టి కట్టాలి. సాయంత్రం గండిలోంచి లేచే గాలి ఖాళీ టెంటును ఎత్తుకుపోతుంది, అందుకే ముందు బ్యాగు లోపల పడేసి ఆ తర్వాత తాళ్ళు కట్టు.

నీళ్ళ దాకా దిగడం గురించి అడిగావు. ఒక్కదానివి అయితే వద్దు. దిగేటప్పుడు కింద కాలు పెట్టే చోటు కనిపించదు. సగం దారిలో మడమ మెలిక పడితే కేక పైకి రాదు. పైగా అది తన ఇష్టానికి పారే నది కాదు. పైన గండికోట జలాశయం, దాని సామర్థ్యమే 26.85 టీఎంసీలు. కింద మైలవరం జలాశయం, దాని వెనుక నీళ్ళే గండిలోకి ఎగదన్నుతాయి. పైన గేట్లు ఎత్తితే నువ్వు కూర్చున్న చోటికి నీళ్ళు వస్తాయి. నీకు ఫోన్ చేసి చెప్పరు. అక్కడ గొర్రెలు మేపే ఊరివాళ్ళలో దారి తెలిసిన మనిషిని మాట్లాడుకుని, పొద్దున్నే దిగి, పదకొండుకల్లా పైకి వచ్చెయ్. గొర్లకాపరిని ఇంకో మాట కూడా అడుగు, తేనెపెరలు ఎక్కడున్నాయని. పెద్ద కొండతేనెటీగలు కొండచరియలకు, పాత కట్టడాల చూర్లకు పెరలు కడతాయి. ఆ చుట్టుపక్కల పొగ వద్దు, సెంటు వద్దు, రాళ్ళు వేయడం అసలే వద్దు. చిరుత కంటే వీటికే నేను ఎక్కువ జాగ్రత్త పడతాను.

డిసెంబరు మంచిదే. ఏప్రిల్, మే నెలల్లో అయితే నీకు నేను జవాబే రాసేదాన్ని కాదు. కానీ నవంబరు, డిసెంబరు మనకు తుఫాన్ల నెలలు కూడా. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకుపోయింది అప్పటి కడప జిల్లాలోనే. కరువు సీమ కదా, నీళ్ళెక్కడివి అని మనకు ఒక ధీమా. పెన్న పుట్టేది కర్ణాటకలోని నంది కొండల్లో. చిత్రావతి నీళ్ళూ గండికోటకు ఎగువనే కలుస్తాయి. అక్కడ కురిసింది ఇక్కడికి రావాల్సిందే. బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వచ్చిందా, టికెట్ క్యాన్సిల్ చేసుకో. కోట ఎక్కడికీ పోదు.

రోజులు ఎలా పంచుకోవాలంటే, శని ఆదివారాలు వద్దు. మందు పార్టీలు, డీజే బాక్సులు. వారం మధ్యలో సెలవు పెట్టుకో. రైల్లో అయితే ముద్దనూరులో దిగొచ్చు, బస్సైతే జమ్మలమడుగు. జమ్మలమడుగు నుంచి కోట పదిహేను కిలోమీటర్లు. ఊళ్ళోకి పోయే బస్సులు తక్కువ, ఆటో మాట్లాడుకో, తిరుగు ప్రయాణానికి ఆ ఆటో అతని నంబరు ఉంచుకో. మధ్యాహ్నం మూడింటికల్లా చేరాలి. ఆ నెలలో ఐదు ముప్పావుకు పొద్దు గూకుతుంది, చీకట్లో టెంటు వేయడం నేర్చుకునే చోటు కాదది. మొదటి రాత్రి అద్దె టెంట్లు వేసేచోటే పడుకో. పక్కన మనుషులుంటారు, బాత్రూం ఉంటుంది. అక్కడ నీకు నిద్ర పట్టిందంటే రెండో రాత్రి కొంచెం ఎడంగా వేసుకో, పిలిస్తే పలికే దూరంలో. కోటలోని గుడులు, మసీదు, ధాన్యాగారం లోపల మకాం, గోడలకు ఆనించి పొయ్యి, ఇవి కుదరవు. ఎర్రమల వైపు అడవి భూముల్లో రాత్రి ఉండాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి.

రెండో రోజు నడక. కోట పెన్నకు కుడి గట్టున ఉంది. నది పారే వైపు నడిచినంతసేపూ గండి నీ ఎడమచేతి పక్కన ఉండాలి, తిరిగొచ్చేటప్పుడు కుడిచేతి పక్కన. అది తారుమారైందని అనిపిస్తే అడుగు వేయకుండా ఆగి చూసుకో. ఫోన్ మ్యాపు ఉంది కదా అంటావు. సిగ్నల్ ఒక బండ మీద ఉంటుంది, పక్క బండ మీద ఉండదు.

సద్దికి జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, బొరుగులు, ఒక బెల్లం ముక్క. వంట పెట్టుకోకు, నీళ్ళు దండగ. బూట్లు టెంటు లోపలే పెట్టుకుని, పొద్దున తొడుక్కునే ముందు దులుపు, తేళ్ళుంటాయి. జిప్పు నిమిషం కూడా తెరిచి ఉంచకు. రాత్రిళ్ళు తిరిగే కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. అనుమానం వచ్చినా సరే, కోయడం, కట్లు బిగించడం, పసరు తాగడం ఏవీ చేయకుండా ఆ కాలో చెయ్యో కదపకుండా పెట్టి 108కి ఫోన్ కొట్టు. జమ్మలమడుగు ప్రభుత్వాసుపత్రి పేరు చెప్పు.

మీ నాన్న సంగతి చివరికి ఉంచాను. ఆయన్ని ఒప్పించే ప్రయత్నం మానేసి, ఆయనకు ఒక పని అప్పగించు. ఒక తెల్లకాగితం మీద ఏ బస్సు, ఏ ఆటో, మొదటి రాత్రి ఎక్కడ, రెండో రోజు ఎటువైపు, ఎన్నింటికి వెనక్కి అన్నీ రాసి, హోటల్ నంబరు, జమ్మలమడుగు పోలీస్ స్టేషన్ నంబరు కింద వేసి ఇవ్వు. రాత్రి ఎనిమిదికి ఒక మెసేజ్, పొద్దున ఏడుకు ఒక మెసేజ్. పొద్దునది తొమ్మిదిదాకా రాకపోతే హోటల్‌కు ఫోన్ చేయమను, పదిదాకా జాడ లేకపోతే స్టేషన్‌కు. నువ్వు ఆ టైము తప్పకూడదు, ఒక్కసారి తప్పితే ఆయన ఇంకోసారి నిన్ను పంపడు, నేనూ ఆయన పక్షమే. ఫోటోలు మాత్రం ఇంటికొచ్చాక పెట్టుకో. నువ్వు ఒంటరిగా ఎక్కడున్నావో ఫేస్‌బుక్‌కు ఆ రాత్రే తెలియాల్సిన పని లేదు.

1652లో టావెర్నియే అనే ఫ్రెంచి నగల వ్యాపారి ముత్యాలు, రత్నాలు పట్టుకుని ఇదే కోటకు వచ్చాడు, గోల్కొండ వాళ్ళ సేనాధిపతి మీర్ జుమ్లాకు చూపించడానికి. కొండెక్కే దారి ఇరుకు గురించి రాసుకున్నాడు. ఆయన వెంట నౌకర్లు, కాపలావాళ్ళు ఉన్నారు. నీకు మీ నాన్న చేతిలో కాగితం ఉంది.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఆగస్టులో సెలవు పెట్టి యూటా అనే రాష్ట్రంలో ఎడారి లోయల్లో నాలుగు రోజులు ఒక్కడే క్యాంపింగ్ చేస్తాడంట. ఎడారిలో వరదలొస్తాయి జాగ్రత్త అని ఎవరో చెప్పారు. ఎడారిలో వరదేందమ్మా? వాడికి ఏం చెప్పమంటారు? వాడి దగ్గర ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరం ఏదో ఉందంట, దాన్ని సంక్రాంతికి వచ్చేటప్పుడు తెచ్చుకుని ఇక్కడ కొండల్లో కూడా వాడతానంటున్నాడు.
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: అన్నగారూ, మీకు చెప్పిన వాళ్ళు సరిగ్గానే చెప్పారు. మన వంకలు చూశారు కదా, ఏడాదంతా ఇసుక, ఒక్క రాత్రి వానకు లారీని దొర్లిస్తాయి. అక్కడ కూడా అంతే, కాకపోతే వంక బదులు రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు సందులు. వాటి మధ్య మనిషి ఉండగా నీళ్ళొస్తే పక్కకు తప్పుకోవడానికి చోటుండదు. నేల రాతినేల, వాన ఇంకదు, మొత్తం జారి ఆ సందుల్లోకే చేరుతుంది. 1997 ఆగస్టు 12న పక్కనున్న అరిజోనాలో యాంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు లోయలో పదకొండు మంది పర్యాటకులు అలాగే చనిపోయారు. వాన పడింది అక్కడ కాదు, మైళ్ళ దూరంలో. అబ్బాయి ఎంచుకున్న ఆగస్టు ఆ ప్రాంతానికి ఉరుముల వానల నెల, పైగా మండే ఎండలు. ఏప్రిల్‌కో అక్టోబరుకో మార్చుకోమనండి. సెలవు దొరకదంటే ఇరుకు సందుల్లోకి దిగకుండా పైన బండల మీదే తిరగమనండి. ఇందులో బేరం లేదు.

రెండోది, 2003 ఏప్రిల్‌లో యారన్ రాల్‌స్టన్ అనే యువకుడు యూటాలోనే బ్లూజాన్ కాన్యన్‌కు ఒక్కడే పోయాడు. ఒక బండ జరిగి అతని కుడిచేతిని గోడకు అదిమేసింది. ఐదు రోజులకు పైగా అక్కడే. ఎక్కడికి పోతున్నాడో ఎవరికీ చెప్పలేదు కాబట్టి వెతకాల్సిన చోటు ఎవరికీ తెలియలేదు. చివరికి చెయ్యి వదులుకుని ప్రాణంతో బయటపడ్డాడు. కొండలు బాగా తెలిసిన మనిషే అతను. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. పైన అనంతపురం అమ్మాయికి చెప్పిన తెల్లకాగితం మీ అబ్బాయి చేత కూడా రాయించమని చెప్పడానికి. మీకు వాట్సాప్‌లో పంపాలి, డల్లాస్‌లోని స్నేహితుడికి కూడా ఇవ్వాలి. ఇక్కడ మీకు పగలైతే అక్కడ రాత్రి కదా, మెసేజ్ వేళలు ముందే తేల్చుకోండి, లేకపోతే మీరు ఊరికే నిద్ర మానుకుంటారు.

మిగతావి అక్కడి పార్కుల వాళ్ళే పద్ధతిగా చెబుతారు. కాన్యన్‌ల్యాండ్స్ లాంటి నేషనల్ పార్కుల్లో రోడ్డుకు దూరంగా రాత్రి ఉండాలంటే పర్మిట్ తప్పనిసరి. అది తీసుకునేటప్పుడే రేంజర్లను వాన గురించి, ఏ ఊటలో నీళ్ళున్నాయో అడగమనండి. మనిషికి రోజుకు గ్యాలను, అంటే 3.8 లీటర్లు, అది కనీసం. నేల మీద నల్లగా, పొక్కులు పొక్కులుగా కనిపించే మట్టి పొర ఉంటుంది. అది ప్రాణమున్న పొర, సూక్ష్మజీవులు, నాచు ఇసుకను పట్టి ఉంచుతాయి. కాలు పడితే కోలుకోవడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. బండ మీదో, దారి మీదో మాత్రమే నడవాలి.

పరికరం మాత్రం ఇండియాకు తేవద్దని గట్టిగా చెప్పండి. అక్కడ అది ప్రాణం కాపాడే వస్తువే. ఇక్కడ ఉపగ్రహ ఫోన్లు, ఉపగ్రహ మెసేజ్ పరికరాలు టెలికాం శాఖ అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. తెలియక బ్యాగులో వేసుకొచ్చి ఎయిర్‌పోర్టులో పట్టుబడిన విదేశీయులు ఉన్నారు. పండగపూట స్టేషన్ చుట్టూ తిరగడం మీకెందుకు?

ప్రశ్న: బెలుం గుహల్లో రాత్రి బస చేయడానికి పర్మిషన్ దొరుకుతుందా? యూట్యూబ్‌కు వీడియో చేయాలి.
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: దొరకదు. దొరికినా వద్దు. లోపల ఉక్క. పగలే అరగంటకు చొక్కా తడిసి ముద్దవుతుంది. గుహల పొడవు 3,229 మీటర్లు, అందులో జనాన్ని పంపేది ఒకటిన్నర కిలోమీటరు దాకానే. కొలిమిగుండ్లలో మకాం పెట్టుకుని పొద్దున్నే మొదటి టికెట్ తీసుకో. బస్సుల జనం రాకముందే పాతాళగంగ దాకా పోయి రావచ్చు, అది నేలకు 46 మీటర్ల లోతు. అక్కడ కెమెరా కింద పెట్టి, ఆ సున్నపురాయిని నీళ్ళు ఎలా తొలిచాయో గోడల మీద చూడు. మీ ఇంట్లో నేలకు పరిచిన నల్ల కడప బండ కూడా ఆ జాతి రాయే.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను మేడమ్. మూడు వేలు దాచుకున్నాను. టెంటు కొనాలా, స్లీపింగ్ బ్యాగు కొనాలా?
– కర్నూలు

జవాబు: రెండూ వద్దు నాయనా. మంచి హెడ్ టార్చి ఒకటి, కింద పరుచుకునే మందపాటి ఫోమ్ చాప ఒకటి కొను. బండ మీద పడుకుంటే చలి కిందనుంచి వస్తుంది, పైన ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా లాభం ఉండదు. ఇంట్లో ఉన్న ఉన్ని కంబళి పైకి చాలు. టెంటు అద్దెకు తీసుకో. తీసుకునేముందు లోపల కూర్చుని జిప్పు రెండువైపులా పూర్తిగా లాగి చూడు, పైగుడ్డకు చిరుగులున్నాయేమో వెలుతురుకు పెట్టి చూడు. మిగిలిన డబ్బులు బస్సు చార్జీకి, దారిలో ఉగ్గాని టిఫినుకు పనికొస్తాయి.